లెక్కలోకి రాని పరుగులు

2025 అక్టోబర్ 13న విశాఖపట్నంలో, మధురవాడ స్టేడియంలో, బంగ్లాదేశ్, దక్షిణాఫ్రికా అమ్మాయిలు ప్రపంచ కప్ మ్యాచ్ ఆడుతుంటే చూడటానికి వెళ్ళాను. నాకు అరవై నిండాయి. మెట్లు ఎక్కాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. మా అన్నయ్య కూతురు పట్టుబట్టి తీసికెళ్ళింది. ఇండియా మ్యాచ్ కాదు గనక జనం పల్చగానే ఉన్నారు. మ్యాచ్ మాత్రం చివరి ఓవర్ దాకా సాగింది. దక్షిణాఫ్రికా మూడు వికెట్ల తేడాతో బయటపడింది. ఓడిపోయిన బంగ్లాదేశ్ అమ్మాయిల్లో కొందరు కన్నీళ్ళు ఆపుకోలేకపోయారు.

"అత్తా, వీళ్ళు ఈ కప్పుకి ఎలా వచ్చారో తెలుసా?" అంది మా మేనకోడలు. తనకి ఇలాంటి లెక్కలన్నీ నోటికొచ్చు. ఆ ఏడాది ఏప్రిల్‌లో లాహోర్‌లో అర్హత పోటీలు జరిగాయి. ఆరు జట్లు, రెండు స్థానాలు. మొదటి స్థానం పాకిస్తాన్‌ది. రెండోదాని కోసం బంగ్లాదేశ్, వెస్టిండీస్ పోటీపడ్డాయి. చివరి రోజు వెస్టిండీస్‌తో ఆడిన థాయ్‌లాండ్ 166 పరుగులు చేసింది. వెస్టిండీస్ ఆ పరుగుల్ని 10.1 ఓవర్లలో కొడితే ఇక్కడికి వాళ్ళు వచ్చేవాళ్ళు. 10.5 ఓవర్లు పట్టింది. నాలుగు బంతుల తేడాతో బంగ్లాదేశ్ వచ్చింది.

"మరి ఆ థాయ్‌లాండ్?" అన్నాను.

"వాళ్ళు అయిదుకి అయిదూ ఓడిపోయారు అత్తా. వాళ్ళ సంగతి ఎవరిక్కావాలి?"

వాళ్ళ సంగతి నాకు కావాలనిపించింది. ముప్పయ్యేళ్ళకి పైగా చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. ఇతరుల గెలుపోటముల పట్టికలో ఒక అంకెగా మాత్రమే కనిపించేవాళ్ళ గురించి ఆలోచించమని ఎన్ని తరాల పిల్లలకి చెప్పానో. ఇంటికొచ్చాక ఆ జట్టు వెంట పడ్డాను. పోనుపోను అది థాయ్‌లాండ్ కథ ఒక్కటే కాదని అర్థమైంది. నా కథలో నేను దాటేసిన ఒక పేజీ కూడా అందులో ఉంది.

* * *

క్రికెట్ థాయ్‌లాండ్‌కి కొత్తేం కాదు. సయాం రాజ్యంగా ఉన్న రోజుల్లోనే, 1890లో, బాంకాక్‌లో ఒక క్రికెట్ క్లబ్బు వెలిసింది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళు ఇంగ్లండులో చదివొచ్చిన పెద్దింటి మగపిల్లలు. ఆ దేశం ఎవరి వలసా కాలేదు గనక తెల్లదొరలు ఆ ఆటని వూరూరా నాటిపోలేదు. పెద్దింటి ముచ్చట పెద్దింట్లోనే ఆగిపోయింది. తర్వాతి కాలంలో అక్కడ క్రికెట్ ఆడినవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగాలకీ వ్యాపారాలకీ వచ్చి స్థిరపడిన మనదేశపు, పాకిస్తాన్, శ్రీలంక, ఇంగ్లండు మగవాళ్ళే. ఆదివారం సాయంత్రాల్లో సొంతవూరి జ్ఞాపకంగా ఆడుకునే ఆట అది. థాయ్ భాషలో దానికి ఇల్లు లేదు.

ఆ ఇల్లు కట్టింది అమ్మాయిలు. 2000 తర్వాతి దశకం మధ్యలో అక్కడి క్రికెట్ సంఘం స్థానికుల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని ఆటలోకి తేవాలనుకుంది. క్రికెట్ అంటే ఏమిటో టీవీలో కూడా చూడని పిల్లలు వాళ్ళు. సాఫ్ట్‌బాల్, హాకీ లాంటి ఆటల నుంచి వాళ్ళని పోగుచేశారు. చాలాకాలం జట్టుకి నాయకురాలిగా ఉన్న సొర్నరిన్ టిప్పోచ్ సాఫ్ట్‌బాల్ నుంచి వచ్చినదే. 2007లో మొదటిసారి అంతర్జాతీయ పోటీకి వెళ్ళారు. ఓడిపోయారు. ఓడిపోతూనే చాలా ఏళ్ళు ఆడారు.

నన్ను ఆపేసిన విషయం ఇక్కడొకటుంది. మగవాళ్ళ ఆటలో "వెనకబడిన" దేశం ఆడవాళ్ళ ఆటలో ముందుకి ఎలా వచ్చింది? నాకు తోచిన జవాబు ఇది. మగవాళ్ళ క్రికెట్‌లో వందేళ్ళకి పైబడిన దొంతరలున్నాయి. డబ్బు, మైదానాలు, అలవాటు, అహం అన్నీ పేర్చి ఉన్నాయి. కొత్తవాళ్ళకి అందులో సందు దొరకదు. ఆడవాళ్ళ క్రికెట్‌ని పెద్ద దేశాలు కూడా నిర్లక్ష్యం చేశాయి గనక పైమెట్టుకీ కిందిమెట్టుకీ దూరం తక్కువ. మన నిర్లక్ష్యమే వాళ్ళకి అవకాశమైంది. ఇందులో సంతోషించాల్సింది ఎంతో, సిగ్గుపడాల్సింది కూడా అంతే.

2018 జూన్‌లో కౌలాలంపూర్‌లో జరిగిన ఆసియా కప్పులో థాయ్‌లాండ్ శ్రీలంకని ఓడించింది. అదే ఏడాది జులై నుంచి, సభ్య దేశాలన్నిటి మహిళా జట్ల ట్వంటీ20 మ్యాచ్‌లకీ అంతర్జాతీయ హోదా ఇస్తున్నట్టు అంతర్జాతీయ క్రికెట్ మండలి ప్రకటించింది. అంటే అప్పటినుంచి వాళ్ళు ఆడేది లెక్కలోకి వస్తుంది. లెక్కలోకి రావడం మొదలయ్యాక ఏమైందో చూడండి. 2018 జులై నుంచి 2019 ఆగస్టు దాకా వాళ్ళు వరసగా 17 మ్యాచ్‌లు గెలిచారు. అంతకుముందు ఆస్ట్రేలియా పేరున ఉన్న 16 విజయాల రికార్డు పోయింది. ఆడినవి చిన్న దేశాలతోనే కదా అని పెదవి విరిచినవాళ్ళున్నారు. పెద్ద దేశాలు వాళ్ళతో ఆడటానికి వస్తేగా!

2019 సెప్టెంబర్‌లో స్కాట్లండులో అర్హత పోటీలు. సెమీ ఫైనల్లో పాపువా న్యూగినీని ఎనిమిది వికెట్ల తేడాతో ఓడించి థాయ్ అమ్మాయిలు 2020 ట్వంటీ20 ప్రపంచ కప్పుకి అర్హత సంపాదించారు. వాళ్ళ కోచ్ హర్షల్ పాఠక్, పుణె నుంచి వెళ్ళినాయన. ఆస్ట్రేలియాలో వెస్టిండీస్, ఇంగ్లండు, దక్షిణాఫ్రికాల చేతిలో పెద్ద తేడాలతో ఓడిపోయారు. కానీ ప్రతి మ్యాచ్ అయ్యాక వరసగా నిలబడి, చేతులు జోడించి, నాలుగు దిక్కుల ప్రేక్షకులకీ వంగి నమస్కారం పెట్టేవారు. ఆ నమస్కారం ప్రపంచమంతా నచ్చింది. పత్రికలు వాళ్ళ నవ్వుల గురించే రాశాయి.

నాకు ఆ రాతలు చదివితే కొంచెం చిరాకేసింది. ఆడపిల్లలు ఓడిపోయి నవ్వితే మనకెందుకంత ముద్దు? చివరి మ్యాచ్‌లో, మార్చి 3న సిడ్నీలో, పాకిస్తాన్ మీద వాళ్ళు మూడే వికెట్లు పోగొట్టుకుని 150 పరుగులు చేశారు. నత్తకన్ చంతమ్ 56, నత్తయ బూచతం 44. గెలిచే అవకాశం బాగా ఉన్న మ్యాచ్ అది. వాన వచ్చి ఆగిపోయింది. ఆ 150 గురించి ఎక్కువ రాయాల్సింది. ఎక్కువ రాసింది నమస్కారం గురించి.

* * *

ఇక అసలు సంగతికి వస్తాను. యాభై ఓవర్ల ప్రపంచ కప్పుకి అర్హత పోటీలు 2020 జులైలో శ్రీలంకలో జరగాల్సింది. కరోనాతో వాయిదా పడ్డాయి. ఆ తర్వాత జింబాబ్వేకి మారాయి. తేదీలు మళ్ళీ మారి చివరికి 2021 నవంబర్‌లో హరారేలో ఖాయమయ్యాయి. తొమ్మిది జట్లు, మూడు స్థానాలు.

ఏడాదిన్నర పాటు జరుగుతుందో జరగదో తెలియని పోటీ కోసం తయారవడమంటే ఏమిటో ఊహించండి. పైగా ట్వంటీ20 వేరు, యాభై ఓవర్ల ఆట వేరు. మూడు గంటల్లో ముగిసే ఆటకి అలవాటుపడ్డ కాళ్ళూ కళ్ళూ రోజంతా నిలబడటం నేర్చుకోవాలి. ఇరవై ఓవర్లలో నలభై పరుగులు చేస్తే చాలనిపించుకునే బాటింగు, రెండొందలు దాకా ఓపిగ్గా ఎదగాలి. ఒక్కొక్కరు పది ఓవర్లు వెయ్యగలిగే బౌలర్లు కావాలి. ఇదంతా మ్యాచ్‌లు ఆడితేగానీ రాదు. వాళ్ళతో యాభై ఓవర్లు ఆడేవాళ్ళు లేరు. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్లలో జింబాబ్వే వెళ్ళి అక్కడి జట్టుతో ఆడారు. నవంబర్‌లో అసలు పోటీకి నరుఎమోల్ చైవై నాయకత్వంలో మళ్ళీ హరారేకి వెళ్ళారు.

అక్కడ జింబాబ్వేని ఓడించారు. వాన పడ్డ మ్యాచ్‌లో బంగ్లాదేశ్‌ని ఓడించారు. నవంబర్ 27 నాటికి తమ గ్రూపు పట్టికలో అందరికంటే పైన ఉన్నారు.

ఆ రోజే అంతా ఆగిపోయింది. కరోనా కొత్త రకానికి ఒమిక్రాన్ అని పేరుపెట్టింది దానికి ముందురోజే. దక్షిణాఫ్రికా చుట్టుపక్కల దేశాల నుంచి విమానాలు బంద్ అవుతున్నాయి. శ్రీలంక జట్టు సహాయక సిబ్బందిలో ఒకరికి కరోనా తేలింది. పోటీలు రద్దు చేశారు. జట్లు చిక్కుపడిపోకుండా ఇళ్ళకి చేరాలి గనక రద్దు చెయ్యడం సబబే. దాన్ని నేను తప్పుపట్టను.

తర్వాత తీసుకున్న నిర్ణయం చూడండి. పోటీ పూర్తికాలేదు గనక, ముందే రాసుకున్న నిబంధన ప్రకారం, వన్డే ర్యాంకుల్ని బట్టి మూడు జట్లని పంపించారు. బంగ్లాదేశ్, పాకిస్తాన్, వెస్టిండీస్. థాయ్‌లాండ్ పేరు ర్యాంకుల పట్టికలో కింద కూడా లేదు. అసలు లేనే లేదు. ఎందుకంటే వాళ్ళకి వన్డే హోదా లేదు. హోదా లేదు గనక వాళ్ళు ఆడిన యాభై ఓవర్ల మ్యాచ్‌లు వన్డేలు కావు. వన్డేలు కావు గనక ర్యాంకు రాదు. ర్యాంకు లేదు గనక ప్రపంచ కప్పుకి వెళ్ళలేరు. అదే వారంలో, అదే మైదానాల మీద, హోదా ఉన్న జట్లని ఓడించినా సరే. ఆ తర్వాతి నాలుగేళ్ళ మహిళా చాంపియన్‌షిప్‌లో మిగిలిన రెండు స్థానాలూ అదే పద్ధతిలో శ్రీలంక, ఐర్లండ్‌లకి వెళ్ళాయి. అంటే పెద్ద జట్లతో క్రమం తప్పకుండా ఆడే దారి కూడా మూసుకుపోయింది.

దీనికి ఇంకో మడత ఉంది. 2021 ఏప్రిల్‌లో క్రికెట్ మండలి పూర్తి సభ్యత్వం ఉన్న దేశాలన్నిటి మహిళా జట్లకీ శాశ్వత టెస్టు, వన్డే హోదా ఇచ్చింది. ఆ దేశాల్లో ఆఫ్ఘనిస్తాన్ ఒకటి. అక్కడి మగ జట్టు ఆటని బట్టి 2017లో పూర్తి సభ్యత్వం వచ్చింది. 2020 నవంబర్‌లో 25 మంది ఆడపిల్లలతో కాంట్రాక్టులు కుదుర్చుకున్నారు. ఒక్క మ్యాచ్ ఆడకముందే, 2021 ఆగస్టులో తాలిబాన్లు వచ్చారు. ఆ అమ్మాయిలు బ్యాట్లు దాచుకుని, కిట్లు తగలబెట్టుకుని, ప్రాణాలు అరచేత పట్టుకుని దేశం విడిచారు. చాలామంది ఆస్ట్రేలియా చేరారు. 2025 జనవరి 30న మెల్‌బోర్న్‌లో అందరూ కలిసి ఒక్క మ్యాచ్ ఆడగలిగారు. అదైనా ఏ దేశం జెండా కిందా కాదు.

అంటే 2021 నవంబర్‌లో పరిస్థితి ఇది. ఆడే జట్టుకి హోదా లేదు. హోదా ఉన్న జట్టుని ఆడనివ్వరు. థాయ్ అమ్మాయిలదీ ఆఫ్ఘన్ అమ్మాయిలదీ ఒకే కష్టమని నేననను. ఒకరిది పోగొట్టుకున్న అవకాశం, ఇంకొకరిది పోగొట్టుకున్న దేశం. కానీ రెండుచోట్లా హోదా అనేది ఆడే స్త్రీ నుంచి పుట్టలేదు. అది మగవాళ్ళ ఆట నుంచి, మగవాళ్ళ సభ్యత్వం నుంచి కారి వచ్చింది. పెళ్ళయితే ఇంటిపేరు వచ్చినట్టు.

* * *

ఇక్కడ నా పేజీ తెరవాలి.

1983లో కపిల్‌దేవ్ జట్టు కప్పు గెలిచినప్పుడు నేను గుంటూరు జిల్లాలో ఒక చిన్నవూరి మహిళా కాలేజీలో బి.ఏ. చదువుతున్నాను. దేశమంతా పూనకం వచ్చినట్టుంది. మా హాస్టల్లో కూడా వచ్చింది. మా పి.డి. మేడమ్ దగ్గరికి పదిమందిమి వెళ్ళాం, క్రికెట్ ఆడతామని. "ఏమర్రా, ఎండకి తట్టుకుంటారా?" అందావిడ. తట్టుకుంటామన్నాం. వడ్రంగి చేత మామిడి చెక్కతో బ్యాటు చేయించింది. మొదట రబ్బరు బంతి, తర్వాత కార్కు బంతి. ఖోఖో ఆడే పిల్లలు బంతి వెంట చిరుతల్లా పరిగెత్తేవాళ్ళు. కబడ్డీ పిల్లలకి భయం లేదు, దగ్గరగా నిలబడేవాళ్ళు. బాల్ బాడ్మింటన్ ఆడే నా స్నేహితురాలికి మణికట్టు ఎలా తిరిగేదంటే, లెగ్ వైపు వచ్చిన బంతి ఎక్కడికి పోయిందో మాకు కనిపించేది కాదు. తను క్రికెట్ కోసం బాల్ బాడ్మింటన్ జట్టు మానేసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మర్నాటేడు సంక్రాంతి తర్వాత అంతర్ కాలేజీ పోటీలకి వెళ్ళాం. మూడు నెలలు తెల్లారుజామున లేచి తయారయ్యాం. కొందరం లంగా ఓణీల్లో, కొందరం పంజాబీ డ్రెస్సుల్లో, అందరికీ ఒకే రంగు రిబ్బన్లు. బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన కాగితం తిరగేసి, "అమ్మా, ఇది మా లిస్టులో లేదే!" అన్నాడు. టెన్నికాయిట్ ఉంది, త్రోబాల్ ఉంది, క్రికెట్ లేదు. మా మేడమ్ బతిమాలితే, మధ్యాహ్నం ఖోఖో ఫైనల్‌కి ముందు ఖాళీ ఉన్న గంటన్నరలో సరదాగా ఆడుకోమన్నారు. ఇంకో కాలేజీ పిల్లలు, మాలాగే వచ్చినవాళ్ళు, ఎదురుజట్టయ్యారు. ఎవరూ స్కోరు రాయలేదు. మా పిల్లే ఒకతి ఎకనామిక్స్ నోట్సు వెనకపేజీల్లో గీతలు గీసింది. నా స్నేహితురాలు 43 పరుగులు చేసింది. మేం గెలిచాం.

సాయంత్రం తను ఆ బల్ల దగ్గరికి వెళ్ళి, "ఆడినట్టు ఒక సర్టిఫికెట్ రాసివ్వండి సార్, చాలు" అనడిగింది. తనకి బి.పి.ఇడి. చెయ్యాలని కోరిక. ఆటల సర్టిఫికెట్ ఉంటే మార్కులు కలుస్తాయి. ఆయన కోపంగా ఏమీ అనలేదు. జాలిగానే అన్నాడు. "ఆడలేదు కదమ్మా!"

లెక్క ప్రకారం అది నిజమే. లిస్టులో లేని ఆట ఆడితే ఆడినట్టు కాదు. బాల్ బాడ్మింటన్‌లోనే ఉండి ఉంటే తనకి సర్టిఫికెట్ వచ్చేది. ఆ ఏడాది వాళ్ళ జట్టుకి వచ్చింది. సీటు రాలేదు. ఆ వేసవిలో తనకి పెళ్ళి చేశారు. ఒక్క కాగితం వల్లే అలా అయిందని నేననను. ఆ ఇంట్లో ఆ పెళ్ళి ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. కానీ "ఇదుగో, ఇది నాకుంది" అని చూపించి ఇంకో రెండేళ్ళు అడగడానికి తన చేతిలో ఏమీ లేకపోయింది.

* * *

ఆ సంఘటనని నేను చాలా ఏళ్ళు హాస్యంగా చెప్పేదాన్ని. మామిడి చెక్క బ్యాటు, రిబ్బన్లు. అందరూ నవ్వేవాళ్ళు. మహిళా చరిత్ర మీద సెమినార్లలో పత్రాలు చదివిన నేను, ఇది కూడా చరిత్రే అని ఒక్కసారీ అనుకోలేదు. ఆటలు మనకి అంత పట్టేవి కావు. చదువు, ఆస్తి, వరకట్నం, హింస, సాహిత్యం గురించి మాట్లాడాం. పరిగెత్తే శరీరం గురించి, గెలవాలనుకునే ఆడపిల్ల కోరిక గురించి తక్కువ మాట్లాడాం. క్రికెట్ మగ దేశభక్తి తమాషా అని పక్కన పెట్టాం. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ ఆ విమర్శ చాటున, ఆడిన ఆడవాళ్ళు కూడా కనుమరుగయ్యారు.

నిజానికి ప్రపంచ కప్పు అనే ఆలోచనే ఆడవాళ్ళది. మొదటి మహిళా ప్రపంచ కప్పు 1973లో ఇంగ్లండులో జరిగింది. మగవాళ్ళది రెండేళ్ళ తర్వాత, 1975లో. ఆ మొదటి కప్పులో జమైకా, ట్రినిడాడ్ అండ్ టొబాగో వేర్వేరుగా ఆడాయి. అప్పటికి ఇది చిన్న దేశం, అర్హత ఉందా అని గేటు దగ్గర ఎవరూ నిలబడలేదు. 1978లో రెండో కప్పు మనదేశంలో జరిగింది. నాలుగే జట్లు. ఇండియా డయానా ఎడుల్జీ నాయకత్వంలో ఆడి మూడుకి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. జనవరి 13న ఇంగ్లండుని ఓడించి ఆస్ట్రేలియా కప్పు గెలుచుకున్నది మన హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలోనే. మా కాలేజీ కమిటీవాళ్ళు "ఆడవాళ్ళ క్రికెట్ లిస్టులో లేదు" అన్నది దీని తర్వాత ఆరేళ్ళకి.

అదే లాల్‌బహదూర్ స్టేడియంలో 1997 డిసెంబర్ 14న పాకిస్తాన్ అమ్మాయిలు ఆస్ట్రేలియా మీద 27 పరుగులకి ఆలౌట్ అయ్యారు. ఆ జట్టుని పుట్టించింది షైజా ఖాన్, షర్మీన్ ఖాన్ అనే అక్కచెల్లెళ్ళు. బెదిరింపులూ కోర్టు గొడవలూ దాటి, ప్రపంచ కప్పు అర్హత కోసం కనీసం మూడు వన్డేలు ఆడి ఉండాలంటే ఆ ఏడాది మొదట్లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వెళ్ళి ఆడొచ్చారు. మూడూ ఓడిపోయారు. అయినా అర్హత వచ్చింది. ఎందుకంటే అప్పటి నిబంధన ఆడి ఉండాలంది గానీ, గెలిచి ఉండాలనలేదు. హైదరాబాద్‌లో 27కి ఆలౌట్ అయిన ఆ దేశమే, 28 ఏళ్ళ తర్వాత లాహోర్ అర్హత పోటీల్లో అయిదుకి అయిదు మ్యాచ్‌లూ గెలిచింది. 1978లో అన్నీ ఓడిపోయిన ఇండియా 2025 నవంబర్ 2న ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో మన కడప జిల్లా నుంచి వెళ్ళిన శ్రీచరణి ఉంది.

ఈ రెండు కథలనీ మనం పట్టుదల కథలుగా చెప్పుకుంటాం. పట్టుదల నిజమే. కానీ పట్టుదల థాయ్‌లాండ్‌కీ ఉంది, నా స్నేహితురాలికీ ఉంది. ఇండియాకీ పాకిస్తాన్‌కీ అదనంగా ఉన్నదేమిటంటే, ఓడిపోతూ కూడా లెక్కలో ఉండే వీలు. 27 పరుగులు కూడా రికార్డు పుస్తకంలో ఉన్నాయి. అవమానంగానే అయినా ఉన్నాయి. పుస్తకంలో ఉన్నవాళ్ళని మళ్ళీ పిలుస్తారు. పిలిస్తే వెళ్ళి, మళ్ళీ ఓడి, నేర్చుకుంటారు. ఓడిపోయే హక్కు లేనివాళ్ళకి గెలిచే రోజు రాదు.

2022 మేలో థాయ్‌లాండ్‌కి, మరో నాలుగు దేశాలకి వన్డే హోదా వచ్చింది. ప్రపంచ కప్పు అయిపోయిన నెలన్నరకి. ఆ అక్టోబర్‌లో సిల్హెట్‌లో జరిగిన ఆసియా కప్పులో థాయ్ అమ్మాయిలు పాకిస్తాన్‌ని నాలుగు వికెట్ల తేడాతో ఓడించి సెమీ ఫైనల్ చేరారు. నవంబర్‌లో చియాంగ్ మాయ్‌లో తమ మొట్టమొదటి వన్డే ఆడారు. నెదర్లాండ్స్‌తో. నత్తకన్ చంతమ్ సెంచరీ చేసింది. గెలిచారు. మొదటిసారి లెక్కలోకి వచ్చిన రోజునే నూరు పరుగులు. ఆ నూరూ ఆ ఒక్కరోజున పుట్టలేదని నాకనిపిస్తుంది. హోదా లేని రోజుల్లో ఆడి, ఏ పుస్తకంలోనూ ఎక్కని పరుగులు అందులో ఉన్నాయి.

ఆ తర్వాత 2025లో లాహోర్. అయిదుకి అయిదూ ఓటములు. 2021లో అంత బాగా ఆడిన జట్టు వెనకబడిందని ఎవరైనా అనొచ్చు. వెనకబడలేదు. మిగతావాళ్ళు నాలుగేళ్ళు పెద్ద జట్లతో ఆడి ముందుకెళ్ళారు. 2021లో మూసిన తలుపుకి 2025లో వచ్చిన ఫలితం అది.

* * *

ఇంకొకటి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

2008లో అనుకుంటాను, నేను పనిచేసే కాలేజీలో అడ్మిషన్ల కమిటీలో ఉన్నాను. స్పోర్ట్స్ కోటా కింద ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో క్రికెట్ సర్టిఫికెట్. వాళ్ళ వూరి దగ్గర ఏదో క్లబ్బు ఇచ్చింది. అసలు సంఘం ముద్ర లేదు. దానికి రెండేళ్ళ ముందే మహిళా క్రికెట్‌ని బి.సి.సి.ఐ. తనలో కలుపుకుంది. ఏ కాగితం చెల్లుతుందో, ఏది చెల్లదో కింద ఎవరికీ స్పష్టంగా తెలియని రోజులు. ఒక్క ఉత్తరం రాసి కనుక్కోవచ్చు. ఒక్క వారం గడువివ్వొచ్చు. బయట ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. "గుర్తింపు లేదు" అని రాసి సంతకం పెట్టాను. నా ఒక్కదాని సంతకమే కాదు, కానీ మొదటి సంతకం నాదే.

ఆ అమ్మాయి వాదించలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళింది. నేను కూడా కోపంగా ఏమీ అనలేదు. జాలిగానే చూశాను. ఆ బల్ల వెనక కూర్చున్నప్పుడు ఆ పెద్దాయన మొహం నాకు గుర్తురాలేదు. గుర్తింపు ఇచ్చేవాళ్ళ వైపు ఒకసారి కుర్చీ వేసుకుంటే, ఆడదాన్నైనా, చరిత్ర చదువుకున్నదాన్నైనా, చేసే పని అదే. నిబంధనలు రాసేవాళ్ళు మగవాళ్ళని మనం అంటాం. వాటిని నమ్మకంగా అమలు చేసినవాళ్ళలో నేనున్నాను.

విశాఖ నుంచి వచ్చిన రాత్రి నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. తనకి ఇద్దరు మనవలు. అమలాపురం దగ్గర ఉంటోంది. థాయ్‌లాండ్ కథంతా చెప్పాను. మధ్యలో ఏమీ అడగకుండా విన్నది. చివర్న, "ఆ ఎకనామిక్స్ నోట్సు ఏమైందే?" అనడిగాను. స్కోరు రాసిన పిల్ల దాన్ని తనకే ఇచ్చింది.

"ఎప్పుడో చిత్తుకాగితాల వాడికి వేసేశారు మా అత్తగారు" అంది.

"నలభైమూడు కదా నువ్వు చేసింది?"

"నలభైమూడు. నలభై నాలుగోదానికి నేను సగం దాకా వచ్చేశాను. నువ్వు కదల్లేదు. అక్కడే నిలబడిపోయావు."

నలభై ఒక్క ఏళ్ళుగా నేను ఆ మ్యాచ్ గురించి చెబుతున్నాను. తను రనౌట్ అయిందని, అదీ నా వల్లేనని, నాకు గుర్తే లేదు. తనకి ఉంది. తప్పు నాదని తను అనలేదు. స్కోరు చెప్పింది, అంతే. ఎక్కడా రాసిలేదు గనక ఇక్కడ రాస్తున్నాను.